దిగనని అనొద్దు, మీటరు చూపించమనండి

రేవు పనివారి ప్రశ్నలకు, ఓడల మీద ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి గ్యాంగు ఫోర్‌మన్‌గా రిటైరైన పెద్దాయన జవాబులు

ప్రశ్న: బాబాయిగారూ, మా ఆయన విశాఖ పోర్టులో కాంట్రాక్టు కళాసీ. బొగ్గు ఓడల్లో గ్రాబు, అంటే క్రేను ఇనప పంజా, ఎత్తగా మిగిలినది ఊడ్చడానికి హ్యాచ్‌లోకి (ఓడలో సరుకు నింపే గదిలోకి) దిగుతారు. పోయిన వారం సగం మెట్లు దిగేసరికి కాళ్లలో బలం పోయి కళ్లు తిరిగాయట. కమ్మీ పట్టుకుని ఎలాగో పైకొచ్చేశారు. మేస్త్రీ 'ఎండదెబ్బ, మజ్జిగ తాగు' అన్నాడట. మర్నాడు మళ్లీ అదే ఓడకి పంపారు. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది. ఇది ఎండ వల్లేనా? దిగనంటే పని పోతుందని ఈయన భయం.
– ఒక సోదరి, గాజువాక

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మేస్త్రీ చెప్పిన ఎండదెబ్బ మాట నాకు నమ్మబుద్ధి కావడం లేదు. 'సగం మెట్లు దిగేసరికి' అన్నారు చూడండి, అక్కడే నా గుండె జారింది. ఆయన ఏ మెట్ల మీదుగా దిగారో ముందు అడగండి.

బొగ్గు ఓడ హ్యాచ్‌లోకి మామూలుగా రెండు దారులుంటాయి. ఒకటి గోడకి నిలువుగా ఉండే నిచ్చెన. రెండోది మలుపులు తిరుగుతూ ఏటవాలుగా దిగే మెట్లు. దాన్ని ఆస్ట్రేలియన్ ల్యాడర్ అంటారు. సులువు కాబట్టి మనవాళ్లు ఎక్కువగా ఇటే వెళ్తారు. చాలా ఓడల్లో ఈ మెట్ల చుట్టూ ఇనప రేకు గూడు ఉంటుంది, పైన మనిషి పట్టేంత మూత. హ్యాచ్ కవర్లు బార్లా తెరిచి, లోపల ఎండ పడుతున్నా సరే, ఆ గూట్లో గాలి కదలకపోవచ్చు.

బొగ్గు ఊరికే పడి ఉండదమ్మా, గాల్లో ఆక్సిజన్‌ని తినేస్తుంది. ఇండోనేషియా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చే ఓడ మూతలు బిగించుకుని రోజుల తరబడి నడుస్తుంది. బయట మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. అది 10 కంటే దిగితే కేక వేసే వ్యవధి కూడా దొరకదు. వాసన ఉండదు, ముందుగా తెలియదు. కొన్ని రకాల బొగ్గు నుంచి మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తాయి.

ఒకసారి ఓడ ఆఫీసరు గ్యాస్ మీటరు గొట్టాన్ని ఆ మూత లోంచి కిందికి వదులుతుంటే పక్కనే నిలబడి చూశాను. పైన 20.8 ఉంది. మొదటి మలుపు దగ్గర 17. మీటరు కీచుకీచుమని అరవడం మొదలెట్టింది. రెండో మలుపుకి 9. అదే హ్యాచ్ నడుమ, పాతిక అడుగుల అవతల, పేలోడరు డ్రైవరు మామూలుగా బొగ్గు తోసుకుంటున్నాడు. అదే ఓడ, అదే బొగ్గు. మధ్యలో ఒక్క రేకు అడ్డం, అంతే.

ఇంకో సంగతి చెప్పడం నాకు కష్టమే, అయినా చెప్తాను. నేను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఒక ఓడలో కళాసీ ఒకతను మెట్లలో పడిపోయాడు. అతని బావమరిది 'బావా' అంటూ వెనకే దిగాడు. ఇద్దరూ ప్రాణాలతో రాలేదు. మూడో మనిషిని నేనే. అప్పటికే ఒక కాలు లోపల పెట్టాను. మా ఫోర్‌మన్ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగితే గుండీలు తెగి డెక్కు మీద దొర్లాయి. ఆయన్ని ఆ రోజు నోటికొచ్చినట్టు తిట్టాను. లోపల ఎవరైనా పడిపోతే గాలి సిలిండరు, తాడు, శిక్షణ ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ దిగకూడదు. ఈ మాట మీవారికి ఈ రాత్రే చెప్పండి.

ఇక పని పోతుందన్న భయం గురించి. 'నేను దిగను' అని ఆయన ఒక్కరే అంటే మొండివాడంటారు. 'మీటరు చూపించండి, దిగుతాం' అని గ్యాంగంతా కలిసి అడగాలి. అలా అడిగితే కాదనడం ఎవరికీ తేలిక కాదు. మెట్లలో పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా ఆఫీసరు మీటరు పెట్టాలి. ఆక్సిజన్ 21కి చేరిందా, మిగతా గ్యాసులు లేవా అన్నది కళ్లతో చూడాలి. పొద్దున చూసిన అంకె భోజనాల తర్వాత పనికిరాదు, మళ్లీ చూడాల్సిందే. మనుషులు లోపలున్నంతసేపూ మూత దగ్గర ఒకరు కదలకుండా ఉండాలి.

రేవు కార్మికుల భద్రతకు 1986లో చట్టం, 1990లో దాని నిబంధనలు వచ్చాయి. ఆ చట్టం ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిసింది, 2025 నవంబరు 21 నుంచి కోడ్ అమల్లో ఉంది. ప్రాణాపాయం ఉందనిపిస్తే యజమానికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టరుకీ తెలియజేసే హక్కు దాని 14వ సెక్షన్ ఇస్తోంది. కాంట్రాక్టు మనిషైనా సరే. కేంద్ర ప్రభుత్వ డాక్ సేఫ్టీ ఇన్‌స్పెక్టరేటు విశాఖలోనే ఉంది. ఓడ పేరు, తేదీ, హ్యాచ్ నంబరు రాసి ఇవ్వండి.

ముందుగా ఆయన్ని డాక్టరుకి చూపించండి. 'బొగ్గు ఓడలో దిగినప్పుడు ఇలా అయింది' అని మీరే చెప్పండి. మగవాళ్లు ఆ ముక్క దాటేస్తారు.

ప్రశ్న: కాకినాడ యాంకరేజీలో (ఓడలు లంగరు వేసే చోట) బార్జి, అంటే సరుకు పడవ, మీద బియ్యం బస్తాలు స్లింగుల్లో (క్రేను ఎత్తే తాళ్ల ఉచ్చుల్లో) సర్దుతాను. హెల్మెట్ పెట్టుకుంటే చాలా సార్?
– ఒక యువకుడు, జగన్నాథపురం

జవాబు: చాలదు నాయనా. స్లింగు లోంచి జారిన బస్తా మెడ మీద పడితే హెల్మెట్ ఏం ఆపుతుంది? క్రేను ఎత్తిన బరువు కింద నిలబడొద్దు, ఆ దారిలోంచి నడవొద్దు. పైగా మీది లంగరు వేసిన ఓడ దగ్గర పని. కెరటానికి బార్జి లేచి పడుతుంటుంది. క్రేను ఎత్తకపోయినా తాడు దానంతటదే బిగుసుకుంటుంది, వేళ్లు నలిగేది అప్పుడే. కొక్కెం తగిలించగానే చేతులు తీసి పక్కకు జరుగు, ఆ తర్వాతే సిగ్నల్‌మన్ చెయ్యి ఎత్తాలి. మామూలు సైగలు అతనొక్కడే చెయ్యాలి. ఆపమనే సైగ మాత్రం ఎవరు చేసినా క్రేను ఆగాలి. ఓడకీ బార్జికీ మధ్య సందులో కాలు పెట్టకు, లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకో. చాలామంది దాన్ని భుజాన వేసుకుని తిరుగుతుంటారు. నీళ్లలో పడగానే అది ఒక పక్కకి, మనిషి ఇంకో పక్కకి పోతారు.