గొంతు మైకు హోరులో నిజంగా పనిచేస్తుందా?

మోటారు సైకిల్ మీద వెళ్లేటప్పుడు గాలి హోరు వల్ల నా మాట అవతలివారికి వినబడటం లేదు, మెడకు కట్టుకునే గొంతు మైకు తీసుకుంటే మేలా అని అడిగారు. తీసుకోండి. హోరును అవతలికి పోనివ్వకపోవడంలో దానికి సాటి వచ్చే మైకును నేను చూడలేదు. అయితే అది మీ మాటను పంపడానికే పనికివస్తుంది. అవతలి మాట మీ చెవికి చేరడంలో దాని సాయం ఏమీ ఉండదు. ఈ తేడా తెలియక కొని, వారం తిరగకముందే అటక మీద పడేసినవాళ్లను చూశాను.

నేను దాన్ని బండి మీద వాడలేదు. 11 ఏళ్లు క్రేన్ల కింద నిలబడి వాడాను. పైన క్యాబిన్‌లో ఆపరేటర్, కింద నేను, చుట్టూ గ్రైండర్ల రొద, కంప్రెసర్ మోత. నోటి ముందు పెట్టుకునే మైకు అక్కడ నా మాటకంటే గ్రైండర్ మాటే ఎక్కువ పంపేది. గొంతు మైకు గాలిలోని శబ్దాన్ని పట్టించుకోదు. మింగినప్పుడు పైకీ కిందికీ కదిలే ముడి ఉంటుంది కదా, దానికి రెండు పక్కలా రెండు చిన్న బిళ్లలు చర్మాన్ని అదుముకుని కూర్చుంటాయి. చర్మం అదిరితేనే వాటికి వినబడుతుంది. ఆ సుగుణం గురించి అందరూ చెబుతారు. దాని వెనకే ఉన్న లోపం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నాకు అది ఎలా తెలిసిందో చెబుతాను.

ఆ రోజు 4 టన్నుల పంపు కేసింగ్‌ను దించుతున్నాం. కింద చెక్క దిమ్మెలు సర్దుతూ మా ఖలాసీ ఒకతను మోకాళ్ల మీద ఉన్నాడు. ఒక దిమ్మె పక్కకు జరిగింది, అతను దాన్ని సరిచేయడానికి చెయ్యి లోపలికి పెట్టాడు. నేను ‘స్టాప్’ అన్నాను. హుక్ ఆగలేదు. ‘స్టాప్, స్టాప్’ అని అరిచాను. హుక్ ఇంకా దిగుతూనే ఉంది. అవతలి పక్క ఉన్న పెద్ద ఖలాసీ రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. అది కంటపడ్డాక ఆపరేటర్ బ్రేకు వేశాడు. కింద అతను చెయ్యి లాగేసుకున్నాడు, తోలు తొడుగు మాత్రం దిమ్మెకూ ఇనుముకూ మధ్య ఉండిపోయింది. కేసింగ్‌ను మళ్లీ లేపి తీశాక చూస్తే ఆ తొడుగు చూపుడువేలి కొస కాగితంలా పలచబడి ఉంది. ఆ వేలు ఇప్పటికీ నా కళ్ల ముందు కదులుతుంది.

అందరూ ఆపరేటర్ మీద పడ్డారు. నిర్లక్ష్యం అని కాగితం మీద కూడా రాశారు. అతను నిచ్చెన దిగి వచ్చి, ‘అన్నా, మీరు ఆఁ, ఆఁ అంటూనే ఉన్నారు కదా, అందుకే దించాను’ అన్నాడు. ముఖంలో రక్తం లేదు. అతను అబద్ధం ఆడే మనిషి కాదు. సాయంత్రం ఆ మైకును ఫోనుకు కలిపి నా మాటే రికార్డు చేసి విన్నాను. ‘స్టాప్’లో సకారం లేదు, టకారం లేదు, పకారం లేదు. మిగిలింది ‘ఆ’ ఒక్కటే. ‘ఆఁ’ అంటే మనకు ‘సరే, కానివ్వు’ అనే కదా! ఆగమని నేను అరిచిన ప్రతిసారీ అతని చెవిలో కానివ్వమనే పడింది. ఆ కాగితం మీద అతని పేరు ఉండటం తప్పు. ఈ మాట నేను ఎక్కడైనా అంటాను.

కారణం మీరు ఇప్పుడే చూసుకోవచ్చు. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి ‘మ్‌మ్‌మ్’ అనండి, అదురు తెలుస్తుంది. అలాగే ‘స్‌స్‌స్’ అనండి, గొంతు చలనం లేకుండా ఉంటుంది. సకారం పళ్ల దగ్గర పుట్టే గాలి శబ్దం. పైగా కండ, చర్మం సన్నటి శబ్దాలను తమలోనే ఇంకించుకుంటాయి, బరువైన శబ్దాలనే బయటికి రానిస్తాయి. బడిలో వ్యాకరణం పంతులుగారు పరుషాలు, సరళాలు అని వల్లె వేయించారు గుర్తుందా? క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు. పరుషం పలికేటప్పుడు గొంతు అదురు ఆగిపోతుంది, సరళంలో సాగుతుంది. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అయ్యేది ఎందుకు? రెండు అచ్చుల మధ్య గొంతు ఆగకుండా సాగిపోవాలని చూస్తుంది, త కాస్తా ద అవుతుంది. గొంతు మైకు సరళాల మైకు. పరుషాలను మింగేస్తుంది. ఈ ఒక్క వాక్యం పెట్టె మీద అచ్చు వేస్తే ఎన్ని చేతులు క్షేమంగా ఉంటాయో! దానికి బదులు నాలుగు భాషల్లో ‘నీటిలో ముంచవద్దు’ అని వేస్తారు.

మేము మాటలు మార్చాం. అంతకుముందు ‘మీదికి’, ‘కిందికి’ అనేవాళ్లం. కకారాలు పోతే ఆ రెండూ దాదాపు ఒకటే. వాటి స్థానంలో ‘లేవనీ’, ‘దిగనీ’, ఆపడానికి ‘వద్దు’ పెట్టుకున్నాం. మూడింటిలోనూ ఒక్క పరుషం లేదు. ‘వద్దు’కు ఇంకో గుణం ఉంది, భయపడినప్పుడు నోటికి దానంతట అదే వస్తుంది. నా మాట ఆగిపోతే క్రేను కూడా ఆగిపోవాలని మరో కట్టుబాటు పెట్టుకున్నాం. చేతి సైగలు మాత్రం మానలేదు, మానకూడదు.

ఇది కొత్త వస్తువేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకుల్లోనివాళ్లు, విమాన సిబ్బంది కట్టుకునేవారు. అమెరికన్ల టీ-30 అలాంటిదే, లోపల బొగ్గు రవ్వలు ఉండేవి. ఈమధ్య వచ్చే ప్రకటనల్లో గుసగుసలాడినా వినబడుతుందని చూపిస్తారు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గుసగుసలో స్వరతంత్రులు అదరవు, మామూలు గొంతు మైకుకు అందేది దాదాపు ఏమీ ఉండదు. జపాన్‌లోని నారా విజ్ఞాన సాంకేతిక సంస్థలో 2003 నాటికే చెవి వెనక చర్మానికి ఆనించి, పక్కనున్నవాళ్లకు కూడా వినబడని గొణుగుడును పట్టే మైకు చేశారు. 2019లో దక్షిణ కొరియాలోని పోస్టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మెడ మీద అతికించుకునే పలుచని సెన్సార్ చేశారు. అవి గొప్ప పనులే. కానీ అంగట్లో దొరికే మామూలు పట్టీకి ఆ గుణం అంటగట్టి అమ్మడం అన్యాయం.

మీ బండి సంగతికి వస్తాను. బిళ్లలు ముడికి అటూ ఇటూ ఉండాలి, ముడి మీద కాదు. పట్టీ ఊపిరికి అడ్డం రాకూడదు, అలాగని వేలు పట్టేంత వదులూ ఉండకూడదు. కాలర్ రాసుకుంటే ఆ గరగర అంతా అవతలికి పోతుంది. చెమట పడితే బిళ్ల జారుతుంది, ఆగినప్పుడల్లా తుడుచుకోండి. ఇంకొకటి, హోరులో ఉన్న మనిషి తనకు తెలియకుండానే అరుస్తాడు. లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే ఈ సంగతి ప్రకటించాడు. మైకుకు మీ అరుపు అక్కరలేదు, అరిస్తే మాట పగిలిపోతుంది. మీ మాట మీ చెవిలోనూ కొంచెం వినిపించే ఏర్పాటు ఉన్న సెట్టు తీసుకుంటే గొంతు దానంతట అదే తగ్గుతుంది.

బయలుదేరే ముందు వెనక వచ్చే మిత్రుడితో కూర్చుని మాటలు ఖాయం చేసుకోండి. ‘ఎడమ’ చక్కగా వెళుతుంది. ‘కుడి’ పోయి ‘ఉడి’ అవుతుంది, అయినా ఎడమతో కలవదు. ‘ఆపు’ అనకండి, ‘ఆగు’ అనండి, రెండుసార్లు అనండి. ‘పక్కకు’ అనే మాట మాత్రం అసలు వద్దు, అందులో అవతలికి చేరేది అకారం, ఉకారం, అంతే.