బరంపురం పట్టుచీరల దుకాణానికి వెబ్‌సైటు: డిజైనరుకు బయానా ఇచ్చే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఇంట్లో 4 మగ్గాలు, ముందు గదిలో చిన్న దుకాణం ఉన్నాయి, ఇన్‌స్టాగ్రామ్‌లో చీరల ఫొటోలు పెడుతున్నా ధర అడిగి ఊరుకునేవారే ఎక్కువ, వెబ్‌సైటు చేసి పెట్టడానికి ఒక డిజైనరు రూ.60 వేలు అడిగారు; అంత ఖర్చు పెట్టవచ్చా, పెడితే తెలుగులో ఉండాలా, ఒడియాలోనా, ఇంగ్లీషులోనా అన్నది మీ సందేహం. ఇదే బరంపురంలో 11 ఏళ్లుగా చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు చేస్తున్నాను కాబట్టి నా చేతుల మీదుగా జరిగినవే చెబుతాను.

డబ్బు మాట తరువాత. ముందు ఒక నోటుపుస్తకం కొని దుకాణంలో ఫోను పక్కన పెట్టండి. 15 రోజుల పాటు ఫోనులో గానీ వాట్సాప్‌లో గానీ ఎవరు ఏమి అడిగినా, వారు అడిగిన మాటల్లోనే, ఆ భాషలోనే రాయండి. ఇది నాకు ఒక అప్పడాలు, ఊరగాయల దుకాణం నేర్పిన పాఠం. వారికి నేను మొదట చేసి ఇచ్చిన సైటు చూడటానికి ఎంతో బాగుండేది. తెరవగానే పెద్ద బొమ్మలు ఒకదాని వెనుక ఒకటి కదిలేవి, తాతగారి కాలం నుంచి దుకాణం చరిత్ర ఉండేది. 3 నెలలైనా దాని ద్వారా ఒక్క పార్సెల్ కూడా వెళ్లలేదు. మనసు ఊరుకోక రెండు మధ్యాహ్నాలు ఆ దుకాణంలోనే కూర్చున్నాను. ఫోను ఎత్తే ఇల్లాలు ప్రతి ఒక్కరికీ దాదాపు అవే జవాబులు చెబుతున్నారు: విశాఖపట్నానికి పార్సెల్ ఎన్ని రోజుల్లో వస్తుంది, ఆవకాయలో వెల్లుల్లి వేస్తారా, అరకిలో ఇస్తారా, దారిలో నూనె కారితే ఎవరిది బాధ్యత. ఈ నాలుగింటిలో ఒక్కదానికైనా నేను చేసిన సైటులో జవాబు లేదు. కదిలే బొమ్మలన్నీ తీసేసి ఆ నాలుగు జవాబులనూ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో పెట్టాను. ఆ తరువాత ఫోన్లు తగ్గాయి గానీ, వచ్చిన ఫోన్లలో ఆర్డర్లు పెరిగాయి, ఎందుకంటే సందేహం తీరినవారే ఫోను చేస్తున్నారు. ధర అడిగి ఊరుకుంటున్నారని మీరు బాధపడుతున్నవారికి కూడా బహుశా ధర తరువాతి ప్రశ్నకు జవాబు దొరకడం లేదు. అసలు పట్టేనా, బరువెంత, జాకెట్టు ముక్క కలిసే వస్తుందా, రంగు దిగుతుందా, కోరిన రంగులో నేయించడానికి ఎన్నాళ్లు పడుతుంది, నచ్చకపోతే వెనక్కు తీసుకుంటారా అని మీ నోటుపుస్తకంలోనూ వస్తాయనుకుంటున్నాను. మీ సైటుకు పేజీలు ఎన్నుండాలో, వాటిలో ఏమి రాయాలో ఆ పుస్తకమే తేలుస్తుంది, డిజైనరు కాదు.

ఇక మన ఊరికే ఉన్న ఒక చిక్కును బయటి డిజైనర్లు గమనించరు. పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరు కూడా బహరంపూరే. ఇంగ్లీషులో రాస్తే మన ఊరికీ దానికీ ఒకటి రెండు అక్షరాలే తేడా. పైగా ముర్షిదాబాద్ కూడా పట్టుకు పేరు మోసినదే. నేను చేసిన ఒక చీరల సైటుకు బెంగాల్ నుంచి ‘మీ దుకాణానికి రేపు వస్తున్నాము’ అని సందేశాలు వచ్చేవి. అక్కడి పట్టు కోసం వెతికినవారు ఇక్కడికి వచ్చి చేరేవారు. మన ఊరి పేరులోనూ ఒక దారి లేదు: మనం బరంపురం అంటాము, రైల్వే స్టేషను బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది, ఇంగ్లీషులో పాత రూపం వేరు. అందుచేత ఊరు పేరు వచ్చిన ప్రతిచోటా పక్కనే ‘గంజాం జిల్లా, ఒడిశా’ అని, చిరునామాలో 760తో మొదలయ్యే పిన్ కోడుతో సహా రాయించండి. సైటులోని వాక్యాల్లో ఈ పేర్ల రూపాలన్నీ సహజంగా ఒక్కొక్కసారైనా రావాలి. గూగుల్ మ్యాప్‌లో దుకాణం వివరాలు చూపే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో మాత్రం దుకాణం పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే ఉండాలి. పేరు వెనుక ‘పట్టుచీరలు, హోల్‌సేల్’ వంటి మాటలు తగిలించడం వారి నిబంధనలకు విరుద్ధం, అలాంటి ప్రొఫైల్‌ను నిలిపివేసే అవకాశం కూడా ఉంది.

భాష విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మూడు భాషల్లోనూ పెట్టండి, కానీ సైటు మొత్తాన్ని యంత్రానువాదంతో మూడుసార్లు దించవద్దు. ఇచ్ఛాపురం, శ్రీకాకుళం, విశాఖ నుంచి పెళ్లి బట్టలకు వచ్చేవారు ‘బరంపురం పట్టు’ అంటారు. కటక్, భువనేశ్వర్ వారు ‘బ్రహ్మపురి పట్టా’ అంటారు, మగవారి పంచె, కండువాల జతను ‘జోడా’ అని అడుగుతారు. సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసే గంజాం జిల్లా వారు ఇంటి శుభకార్యానికి అక్కడి నుంచే ఫోనులో చూసి ఎంచుకుంటారు. వీరెవరూ వెతకడానికి ఒకే మాట వాడరు. చీరల జాబితా, ధరలు ఇంగ్లీషులో ఒకటే ఉన్నా సరిపోతుంది. తెలుగులో ఒక పేజీ, ఒడియాలో ఒక పేజీ మాత్రం ఆ భాషలో పుట్టి పెరిగిన మనిషి చేత రాయించాలి. తెలుగు పేజీ మీ అమ్మగారు కొనుగోలుదారుతో మాట్లాడినట్టుగా ఉంటే చాలు.

తెలుగు అక్షరాల గురించి డిజైనరుతో ముందే రెండు మాటలు తేల్చుకోండి. బోర్డులు, పెళ్లిపత్రికలు వేసే డీటీపీ వారి దగ్గర అచ్చు పనికి వాడే అను ఫాంట్లలో కొట్టిన పాఠం ఉంటుంది. దాన్ని అలాగే సైటులో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, అది తప్పించుకోవడానికి పాఠాన్ని బొమ్మగా మార్చి పెడతారు. బొమ్మలోని అక్షరాలను ఎవరూ కాపీ చేసుకోలేరు, వెతుకులాటలో అది సరిగా దొరకదు. కాబట్టి పాఠమంతా యూనికోడ్‌లోనే ఉండాలి, అంటే ఏ ఫోనైనా, కంప్యూటరైనా తెలుగుగా చదవగలిగే అక్షర పద్ధతిలో; నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. రెండవది, వరుసల మధ్య ఎడం. ఇంగ్లీషుకు సరిపోయే ఎడంలో తెలుగు పెడితే ‘వస్త్రం’లోని వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి, బటన్లలో అయితే సగానికి తెగిపోతాయి. వరుస ఎత్తు (లైన్ హైట్) అక్షరం సైజుకు కనీసం 1.6 రెట్లు పెట్టమని అడగండి, ఒడియాకూ అంతే.

ఫొటోల సంగతి మీరే చూసుకోవాలి. ఒక దుకాణం వారు ట్యూబులైటు కింద తీసిన మెరూన్ చీర ఎరుపుగా కనిపించి, కొన్నవారు రెండుసార్లు తిప్పి పంపారు. అప్పటి నుంచి ఉదయం 8, 9 గంటల మధ్య డాబా మీద నీడ పట్టున తీయిస్తున్నాను. ప్రతి చీరకూ మూడు ఫొటోలు చాలు: కొంగు మొత్తం, అంచు దగ్గరగా, కట్టుకున్న మనిషి. అంచు ఫొటోలో గుడి గోపురాల వరుసలా వచ్చే ఫోడా కుంభం పక్కన ఒక చేయి పెట్టండి, కొలత తెలుస్తుంది. ఆ బరంపురం నేతకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్, అంటే ఈ ప్రాంతానిదే అన్న అధికారిక గుర్తింపు) ఉన్న సంగతిని రెండు వాక్యాల్లో రాయండి. కేంద్ర పట్టు మండలి వారి అసలు పట్టు అని తెలిపే సిల్క్ మార్క్ మీకు ఉంటేనే ఆ చిహ్నం పెట్టండి, లేకపోతే ముందు దానికి దరఖాస్తు చేయండి, ‘అసలు పట్టేనా’ అన్న ప్రశ్నకు అంతకన్నా గట్టి జవాబు లేదు. ఫోనులో తీసిన ఫొటో 4, 5 ఎంబీ ఉంటుంది. దాన్ని 1200 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫొటో రూపంలో పెడితే 150 కేబీ లోపే సరిపోతుంది. చేసిన సైటును డిజైనరు కంప్యూటర్లో చూసి సరే అనవద్దు, పాత బస్టాండు దగ్గర నిలబడి మామూలు ఫోనులో మొబైల్ డేటా మీద తెరిచి చూడండి.

ఇన్‌స్టాగ్రామ్ మానవద్దు, అక్కడ చూసినవారు సైటుకు రావాలి, సైటులో ప్రతి చీర కింద వాట్సాప్ బటను ఉండాలి, నొక్కగానే ‘114వ నంబరు చీర ఉందా’ అన్న మాట ముందే రాసి ఉండాలి. నాలుగు మగ్గాల దుకాణానికి మొదటి ఏడాది కార్టు (కొనేవి ఎంచి ఒకచోట చేర్చే బుట్ట), ఆన్‌లైన్ చెల్లింపుల ఏర్పాటు అవసరం లేదు. ఆ రూ.60 వేలలో పెద్ద భాగం వాటికే ఉండి ఉంటుంది, అడిగి చూడండి. అవి తీసేస్తే 8, 10 పేజీల సైటు మన ఊళ్లో రూ.20 వేల నుంచి రూ.25 వేలకు చక్కగా అవుతుందని నా అనుభవం. మిగిలిన డబ్బులో కొంత ఒడియా పేజీ రాసేవారికి ఇవ్వండి. అమ్మకం సైటు ద్వారా జరిగినప్పుడు దుకాణం అసలు పేరు, చిరునామా, ఫిర్యాదు చేయవలసిన వ్యక్తి వివరాలు, వాపసు నియమాలు అందులో కనిపించాలని వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 చెబుతున్నాయి. వీటికి ఒక పేజీ కేటాయించండి.

చివరిగా, డొమైను పేరు, అంటే సైటు చిరునామా, మీ పేరు మీద, మీ ఈమెయిలుతో, మీ ఫోను నంబరుతో, మీ ఎదుటే కొనిపించండి. నా దగ్గరకు వచ్చిన ఒక దుకాణం వారి డొమైను అంతకు ముందు చేసిన మనిషి పేరు మీద ఉండిపోయింది. ఆయన ఊరు మారారు, ఫోను ఎత్తలేదు, గడువు ముగిసింది, పేరు వేరొకరి చేతికి పోయింది. వారి చీరల సంచుల మీద, విజిటింగ్ కార్డుల మీద అచ్చయిన చిరునామా ఇప్పటికీ ఎవరిదో పేజీకి పోతోంది. బయానా ఇచ్చే రోజునే ఆ పాస్‌వర్డులు మీ నోటుపుస్తకం చివరి పేజీలో ఉండాలి.