రెండో క్యాబినెట్ కలపగానే ఆంప్ ఎందుకు ఆగిపోతోంది?

మీ బాస్ గిటార్ ఆంప్ హెడ్ (స్పీకర్లు లేని ఆంప్ పెట్టె) కనీస లోడ్ 4 ఓమ్‌లు, అంటే కలిపే స్పీకర్ల మొత్తం ఓమ్‌లు అంతకన్నా తగ్గకూడదు. దానికి రెండు పదంగుళాల స్పీకర్లున్న 8 ఓమ్‌ల క్యాబినెట్‌తో (స్పీకర్ పెట్టెతో) పాటు పదిహేనంగుళాల స్పీకరున్న 4 ఓమ్‌లది కలిపితే, పది నిమిషాలకే ఆగిపోతోందన్నారు. ఆంప్‌లో లోపమేమీ లేదండీ, లోడే తేడా. వెనకున్న రెండు సాకెట్లూ ప్యారలల్‌లో ఉంటాయి: 8ని 4తో గుణించి, రెంటి మొత్తం 12తో భాగించండి, 2.67 ఓమ్‌లు, 4 కన్నా తక్కువ. కరెంటు హద్దు దాటి, వేడెక్కి, ఆంప్ తనను కాపాడుకోవడానికి తానే ఆగిపోతోంది (ప్రొటెక్షన్). ఇక అలా వాడకండి, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి.

4 ఓమ్‌లది పక్కన పెట్టి మరో 8 ఓమ్‌లది తీసుకోండి. మొత్తం సరిగ్గా 4 అవుతుంది, పవర్ చెరిసగం పంచుకుంటాయి. వీలైతే ఇప్పుడున్న మోడలే కొనండి. పదీ పదిహేనూ కలిస్తే కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఒకదానిపై ఒకటి నిలువుగా పెడితే పైది చెవి ఎత్తుకు వస్తుంది, మీ వాయింపు మీకే స్పష్టంగా వినబడుతుంది.

కేబుల్ కూడా చూడండి. గిటార్ కేబుల్‌ను క్యాబినెట్‌కి పెట్టొద్దు, లోపలి తీగ సన్నం, వేడెక్కుతుంది. కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్ల స్పీకర్ కేబుల్ వాడండి.

మీ బాస్‌లో లో-బి (అన్నిటికన్నా మందమైన తీగ) వదులుగా కొట్టుకోవడం మాత్రం స్ట్రింగ్ సమస్యే. .125 అంగుళాల మందం ఉన్నది తీసి .130ది వేయండి. నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో కూర్చుందో లేదో చూసి, నెక్ వంపు, ఇంటొనేషన్ (నెక్ పొడవునా స్వరాల శ్రుతి) మళ్లీ సరిచేయండి.