రక్షణ బడ్జెట్ పెంచాలని రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

వ్యాసం చదివాను. రక్షణ ఖర్చు పెరగాలన్న మాటలో నేనూ నీ పక్షమే. కానీ మొదటి రెండు పేజీలూ కొట్టెయ్. మంచుకొండలు, వీరజవాన్లు, మరిగే రక్తం చదివి జనం చప్పట్లు కొట్టి మర్చిపోతారు. మనం అడుగుతున్నది డబ్బు. లెక్కతో మొదలుపెట్టు.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్లు ఇచ్చారు. ఇంత ఇచ్చాక ఇంకా ఎందుకంటాడు పాఠకుడు. అక్కడ ఆగి పద్దులు విడదీసి చూపించు. పింఛన్లకే 1.60 లక్షల కోట్లు. జీతాలు, నిర్వహణ కూడా పోగా విమానాలు, ఓడలు, ఆయుధాలు కొనడం వంటి మూలధన ఖర్చుకు 1.80 లక్షల కోట్లు. వైమానిక దళానికి మంజూరైన ఫైటర్ స్క్వాడ్రన్లు, అంటే యుద్ధవిమానాల దళాలు, 42. 2025 సెప్టెంబరులో మిగ్-21లు రిటైరయ్యాక మిగిలినవి 29. ఈ ఒక్క ముక్క చాలు, చదివేవాడు లేచి కూర్చుంటాడు. జీడీపీలో 3 శాతం కావాలని పార్లమెంటు స్థాయీ సంఘమే అడిగింది, ఇస్తున్నది 2 శాతం లోపే. అయినా శాతాన్ని పట్టుకుని వేలాడకు. ఏ పద్దు పెరగాలో, ఆ డబ్బు పన్నుతో తేవాలో అప్పుతో తేవాలో రాయి.

“పింఛన్లు తగ్గించాలి” అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నాకు బాధేసింది. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంలో ఏ అరుగు మీదైనా కూర్చుని ఆ వాక్యం పైకి చదువు. తరాలుగా సైన్యానికి పిల్లల్ని పంపుతున్న ఊరు అది. 2022లో వచ్చిన అగ్నిపథ్ సైనిక నియామక పథకంలో నాలుగేళ్ళ తర్వాత నాలుగో వంతు మందినే ఉంచుకుంటారు, మిగతావారికి పింఛను లేదు. ఆ పిల్లల తల్లులతో మాట్లాడి, తర్వాత రాయి.

ఇక కోనసీమ శివారు రైతు. బోదెలో గుర్రపుడెక్క పేరుకుని చేలోకి నీళ్ళెక్కడం లేదు. “మా కాలువకు లేని డబ్బు విమానాలకెక్కడిదండీ” అంటాడు. ఆయన దేశభక్తిని శంకించే హక్కు నీకు లేదు. కాలువ బాగు కావాలన్నది న్యాయమైన కోరికేనని ముందు ఒప్పుకో. తర్వాత మన తీరానికెదురుగా సముద్రంలో ఉన్న కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ గ్యాస్ బావుల సంగతి చెప్పు. వాటికి కాపలా నావికాదళం, కోస్ట్‌గార్డ్. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు గాలింపుకు దిగినవాళ్ళలో నేవీ డైవర్లూ ఉన్నారు. ఆ కబురు ఆయనకూ గుర్తుంటుంది.

ఫిబ్రవరి 1న బడ్జెట్ పెడతారు. సంక్రాంతి లోపు తిరగరాసి పంపు, చూసిపెడతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య