‘బర్న్‌ట్ షుగర్’ నవలలో కూతురికి తల్లి మీద అంత కసి ఉండటం నమ్మేలా ఉందా?

నమ్మేలానే ఉందండీ. ఎంతగా అంటే, నేను సగంలో పుస్తకం మూసేసి రెండు వారాలు ముట్టుకోలేదు.

అవ్ని దోషి రాసిన ఈ నవల చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. కథ పుణెలో. తల్లి తార, కూతురు అంతర. తార కాపురం వదిలేసి, పసిపిల్లను తీసుకుని ఒక ఆశ్రమంలో చేరుతుంది, అక్కడి బాబాకి దగ్గరవుతుంది. పిల్ల ఆలనాపాలనా ఆశ్రమంలోని వేరే ఆవిడ మీద పడుతుంది. ఇప్పుడు తారకి మతిమరుపు జబ్బు. చూసుకోవాల్సింది ఆ కూతురే. మన దేశంలో 2019లో ‘గర్ల్ ఇన్ వైట్ కాటన్’ అని వచ్చింది. మరుసటి ఏడాది బ్రిటన్‌లో పేరు మార్చి వేశారు, 2020 బుకర్ తుది జాబితాలో కూడా నిలిచింది. నాకైతే పాత పేరే ఇష్టం. ఆ తెల్లబట్టలు అనగానే ఆశ్రమం కళ్లకు కడుతుంది.

అమ్మ కష్టపడుతుంటే తనకెప్పుడూ సంతోషం కలగలేదంటే అబద్ధమేనని అంతర మొదటి వాక్యంలోనే ఒప్పేసుకుంటుంది. ‘ఇదేం కూతురు!’ అని చాలామందికి అక్కడే మనసు విరిగిపోతుంది. నాకు మాత్రం కసి కన్నా దాని వెనకున్న నిస్సహాయత ఎక్కువ కనిపించింది. చిన్నప్పుడు తనకి జరిగినదంతా తెలిసిన మనిషి అమ్మ. ఆ అమ్మే ఇప్పుడు అన్నీ మర్చిపోతోంది. ఇక నిలదీయాలన్నా ఎవర్ని నిలదీస్తుంది?

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా అమ్మ నా డైరీ తీసి, ఇంటికొచ్చిన ముగ్గురు పిన్నుల ముందు పైకి చదివింది. నేను తలుపు వెనక నిలబడి, ఏ వాక్యానికి ఎవరు నవ్వుతున్నారో గొంతుల్ని బట్టి పోల్చుకున్నాను. ఇరవై ఏళ్ల తర్వాత ధైర్యం చేసి అడిగితే, చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తకుండానే, “నువ్వు డైరీ రాసేదానివా? ఎప్పుడే?” అంది. ఆవిడకి ఏ జబ్బూ లేదు. నిజంగానే గుర్తులేదు. నాకు ఏడుపు కూడా రాలేదు, పోయి ఇంకో గిన్నె తెచ్చి ఆవిడ పక్కన కూర్చుని నేనూ తుంచాను.

నవలలో లోపాలు లేవని కాదు. అంతర భర్త దిలీప్ పాత్ర పలచగా ఉంది. ఇంట్లో మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లని చూసుకుంటున్నవాళ్లు ఇప్పుడే చదవకపోతే మంచిది. చక్కెర సంగతి వచ్చేసరికి తట్టుకోవడం కష్టం. అదేమిటో చెప్పేస్తే చదివే సరదా పోతుంది.

నేను పుస్తకం మూసేసింది మాత్రం చక్కెర దగ్గర కాదు, బొమ్మల దగ్గర. అంతర చిత్రకారిణి. ఒకే మగవాడి ముఖాన్ని రోజూ గీస్తుంది, నిన్నటి బొమ్మని చూసి ఇవాళ్టిది. ఏళ్ల తరబడి అదే పని. నకలుకి నకలు తీస్తూ పోతే ఆ ముఖం మొదటి ముఖంలా ఎలా ఉంటుంది? అనుమానమొచ్చి మా చెల్లికి ఫోన్ చేసి డైరీ సంగతి అడిగాను. దానికి బాగానే గుర్తుంది. “ముగ్గురెక్కడే? ఆ రోజు వచ్చింది చిన్నపిన్ని ఒక్కతే. ఆవిడ నవ్వలేదు కూడా, అమ్మ చేతిలోంచి డైరీ లాక్కుంది” అంది.