చేను గదికి కట్టెల పొయ్యి: ఎంత పెద్దది కావాలి?

ప్రశ్న: ఉట్నూరు దగ్గర మా తాతల నాటి చేనులో, పంట కాపలా రోజుల్లో ఉండడానికి చెక్క గోడలతో ఒక గది కట్టుకున్నాము. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 9. పైకప్పు ఇనుప రేకులది. మా అమ్మ కూడా మాతోనే ఉంటుంది, ఆమెకు చలి పడదు. గదిలో పొగగొట్టం ఉన్న కట్టెల పొయ్యి పెట్టాలనుకుంటున్నాము. వెల్డింగ్ దుకాణం ఆయన పాత డ్రమ్ముతో పెద్ద పొయ్యి చేసిస్తానని, పెద్దదైతే రాత్రంతా వేడి నిలుస్తుందని అంటున్నారు. చిన్న పోత ఇనుము పొయ్యికి ధర ఎక్కువ. ఏది తీసుకోమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, ఉట్నూరు

జవాబు: చిన్నదే తీసుకోండి. డ్రమ్ము పొయ్యి వద్దు.

మీ గది 1,080 ఘనపుటడుగులు, అంటే సుమారు 30 ఘనపు మీటర్లు. చలిదేశాల్లో 14 ఘనపు మీటర్ల గాలికి ఒక కిలోవాట్ వేడి అని ఒక మోటు లెక్క వేస్తారు. ఆ లెక్కన మీకు రెండు కిలోవాట్లకు కాస్త పైన చాలు. ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాములు 6, 7 డిగ్రీలకు దిగుతాయి కాబట్టి, పైగా చెక్కల సందుల నుంచి, పలుచని రేకుల నుంచి వేడి పోతూనే ఉంటుంది కాబట్టి, మూడు కిలోవాట్ల పొయ్యి అనుకుందాము. బాగా ఎండిన కట్టె కిలోకు సుమారు 4 యూనిట్ల వేడి ఉంటుంది (ఒక యూనిట్ అంటే గంటసేపు ఒక కిలోవాట్). మంచి పొయ్యి అందులో మూడింట రెండు వంతులకు పైగా గదికి ఇస్తుంది. అంటే గంటకు కిలో కట్టె, చేతిమందం ముక్కలు రెండో మూడో. ఇంత చిన్న మంటకు డ్రమ్మంత కడుపు ఎందుకు?

పెద్ద పొయ్యిలో నిండుగా మంట పెడితే పది నిమిషాల్లో గదిలో కూర్చోలేరు. అప్పుడు ఎవరైనా గాలి రంధ్రం మూస్తారు. గాలి అందని కట్టె మండదు, కుములుతుంది. ఆ పొగ చల్లని గొట్టం లోపల తారులాంటి జిగురుగా పేరుకుంటుంది. కొన్నేళ్ల క్రితం ఏటూరునాగారం వైపు ఒక బంధువు గారి చేను గదిలో నేను పడుకున్న రాత్రి ఇదే జరిగింది. పొద్దున లేచి చూస్తే గొట్టం అతుకు నుంచి నల్లని ద్రవం కారి, సున్నం గోడ మీద మూరెడు చార కట్టింది. ఆ వాసన నా దుప్పటిని నాలుగు రోజులు వదలలేదు. వాసన పోతే పోయింది, కానీ ఆ జిగురుకు ఒకనాడు నిప్పంటుకుంటే గొట్టమే కొలిమి అవుతుంది. రాత్రంతా వేడి నిలుస్తుందన్న మాట వెనుక ఉన్నది ఈ కుములుడే.

డ్రమ్ము రేకు పలుచన, కొన్నాళ్ల మంటకే తూట్లు పడుతుంది. దాని పాత రంగు, అడుగున మిగిలిన నూనె కూడా మంటకు విషపు పొగలవుతాయి. వెల్డింగ్ ఆయన చేతనే చేయించాలంటే 5 మిల్లీమీటర్ల ఇనుప పలకతో, లోపల అగ్ని ఇటుకలు పరిచి, తలుపు అంచున వేడికి ఆగే తాడు బిగించి, అడుగు పొడవు కట్టె పట్టేంత పెట్టె చేయించండి. పోత ఇనుముతో పోలిస్తే అది ఏమీ తీసిపోదు. పోత ఇనుము వేడిని కాసేపు ఎక్కువ పట్టి ఉంచుతుంది, కానీ కిందపడితే పగులుతుంది.

మిగిలిన డబ్బు గొట్టానికి పెట్టండి. మంటను నడిపేది గొట్టమే. జింకు పూసిన పైపు వాడవద్దు, బాగా వేడెక్కితే ఆ పూత పొగలు కక్కుతుంది. వంపులు లేకుండా నిలువుగా పోనివ్వండి. కప్పును దాటిన చోటి నుంచి కనీసం 3 అడుగులు, చుట్టూ 10 అడుగుల లోపున్న దేనికంటేనైనా 2 అడుగులు ఎత్తు ఉండాలి. లేకపోతే గాలి తిరిగిన రోజు పొగ గదిలోకే వస్తుంది. గొట్టం ముక్కలను అతికేటప్పుడు పై ముక్క కొస కింది ముక్క లోపలికి దిగాలి. చాలామంది తిరగేసి పెడతారు, అందుకే జిగురు బయటికి కారుతుంది.

మీది చెక్క గోడ కనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. పొయ్యికీ గోడకూ మధ్య 36 అంగుళాలు, ఒంటి పొర గొట్టానికీ చెక్కకూ మధ్య 18 అంగుళాలు వదలాలి. గది చిన్నది, అంత చోటు దొరకదంటే గోడకు అంగుళం ఎడంగా, కిందా పైనా గాలి ఆడేటట్లు ఇనుప రేకు నిలబెడితే పొయ్యిని 12 అంగుళాల దాకా జరపవచ్చు. కప్పు కింది వాసాల దగ్గర మాత్రం రెండు పొరల గొట్టమే వాడాలి. పొయ్యి కింద ఇటుకలో, బండలో పరవండి.

ఇక కట్టె. పచ్చి కట్టె వేస్తే ఎంత ఖరీదైన పొయ్యి అయినా పొగ పొయ్యే, ఎందుకంటే మంట వేడిలో కొంత నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. తుమ్మ, సర్కారు తుమ్మ గట్టి కట్టెలు, నిప్పు చాలాసేపు ఆగుతుంది. ఈ వేసవిలోనే చీల్చి, నేల తగలకుండా పేర్చి, పైన మాత్రమే కప్పండి. రెండు ముక్కలు కొట్టి చూస్తే ఖంగుమనాలి. మొద్దు శబ్దం వస్తే ఇంకా నీరుందని అర్థం. రాజేయడానికి మీ పత్తి కట్టె బాగుంటుంది. అడవి కట్టె జోలికి పోవద్దు, చేను గట్టుదే సరిపోతుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ అసలు వేయకూడదు.

తలుపు కింద అరచేతి వెడల్పు సందు ఎప్పుడూ తెరిచి ఉంచండి. అమ్మగారు పడుకునే ముందు నిప్పు ఆరనివ్వండి, దుప్పటి కప్పండి. నిప్పులు ఉండగా గొట్టంలో పొగ దారిని మూసే బిళ్ల వేసి నిద్రపోవద్దు.

ప్రశ్న: మాకు పొయ్యి పెట్టే స్తోమత లేదు. చలికాలం పడక గదిలో బొగ్గుల కుంపటి పెడతాము. బొగ్గుకు పొగ రాదు కదా, తలుపు వేసుకోవచ్చా?
– ఒక గృహిణి, నర్సంపేట

జవాబు: వద్దమ్మా. పొగ కనిపించకపోవడమే అక్కడి ప్రమాదం. మండే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది, నిద్రలో ఉన్న మనిషికి తెలియనే తెలియదు. కుంపటిని వాకిట్లో పెట్టి చలి కాగి, నిప్పును అక్కడే వదిలి లోపలికి రండి. ఎప్పుడైనా మూసిన గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం మొదలైతే తలుపులు తెరిచి, అందరినీ ఆరుబయటికి తెచ్చి, 108కి ఫోన్ చేయండి.