ఫుటీలో 11.23 (89) అంటే ఏమిటి? గోల్ అంపైర్‌గా నిలబడమంటే ఏం చేయాలి?

మీరు రెండు సంగతులు అడిగారు. ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) 2008 గ్రాండ్ ఫైనల్‌లో, అంటే సీజన్ విజేతని తేల్చే మ్యాచ్‌లో, జీలాంగ్ జట్టు స్కోరు 11.23 (89) అని ఉంది, అదేం లెక్క అన్నది ఒకటి. వచ్చే ఆదివారం మీ అబ్బాయి జూనియర్ జట్టుకి గోల్ అంపైర్‌గా, అంటే గోల్ గీత దగ్గర స్కోరు తీర్పు చెప్పేవాడిగా, నిలబడమన్నారు, ఈ ఆట ఎప్పుడూ ఆడనివాణ్ణి ఒప్పుకోవచ్చా అన్నది రెండోది. ఒప్పుకోండి. నేనూ ఆడలేదు. ఊళ్లో క్రికెట్ తప్ప వేరే ఆట తెలియకుండా వచ్చినవాణ్ణే. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో మా అమ్మాయి జట్టుకి మూడు సీజన్లు గోల్ అంపైర్‌గా చేశాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు స్తంభాల సంగతి. మైదానానికి ఒక్కో చివర నాలుగు ఉంటాయి. మధ్యలో రెండు పొడవాటివి గోల్ పోస్టులు, వాటికి చెరో పక్క కాస్త పొట్టివి బిహైండ్ పోస్టులు. పక్కపక్కన ఉన్న ఏ రెండింటి మధ్య కొలిచినా 6.4 మీటర్లే. దాడి చేసే జట్టు కాలితో తన్నిన బంతి, దారిలో ఎవరికీ తగలకుండా, స్తంభాన్నీ తాకకుండా, మధ్య రెండింటి నడుమ నుంచి పూర్తిగా గీత దాటితే గోల్. దానికి 6 పాయింట్లు. పక్క సందుల్లోంచి వెళితే బిహైండ్, 1 పాయింటు. స్కోరులో మొదటి అంకె గోల్స్, చుక్క తర్వాతది బిహైండ్లు, బ్రాకెట్లో మొత్తం. అది దశాంశం కాదు. పదకొండు ఆర్లు 66, దానికి 23 కలిపితే 89.

ఆ రోజు గెలిచిన హాథార్న్ స్కోరు 18.7 (115). ఈ రెండు స్కోర్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. జీలాంగ్ ఖాతాలో మొత్తం 34 స్కోర్లున్నాయి, హాథార్న్‌కి 25 మాత్రమే. అయినా 26 పాయింట్ల తేడాతో జీలాంగ్ ఓడింది. 115, 89 అని మాత్రమే రాస్తే ఈ కథ కనిపించేది కాదు. ఆట చూడనివాడికి కూడా ఎవరు ఎక్కువసేపు గోల్ ముందు తచ్చాడారో, ఎవరి గురి కుదిరిందో ఆ రెండంకెలే చెబుతాయి. నాకు ఈ ఆట మీద ఇష్టం పుట్టింది ఈ లెక్క అర్థమైన రోజునే.

గురి తప్పినా పాయింటేమిటి అని మీకు వింతగా ఉంది కదా. పాత రోజుల్లో అలా లేదు. బిహైండ్లని రాసుకునేవారు గానీ ఫలితంలో కలిపేవారు కాదు, గోల్సే లెక్క. 1897లో విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు గోల్‌కి 6, బిహైండ్‌కి 1 అని పెట్టారు. అదే నేటికీ నడుస్తోంది.

అయితే ఆ ఒక్క పాయింటుకి ఇంకో ముఖం ఉంది. బిహైండ్ అయ్యాక బంతి కాపాడుకునే జట్టు చేతికి వస్తుంది, వాళ్ళే గోల్ ముందు నుంచి తన్ని ఆట మళ్ళీ మొదలుపెడతారు. అంటే ఊపిరాడని పరిస్థితిలో ఉన్న డిఫెండర్ బంతిని తన గీత తానే దాటించేస్తే, 1 పాయింటు ఇచ్చుకుని బంతిని దక్కించుకున్నట్టే. దాన్ని రష్డ్ బిహైండ్ అంటారు. ఈ ఆటలో సెల్ఫ్ గోల్ అనేది లేదు, ఎంత పొరపాటున దాటినా పోయేది ఒక్కటే. 2008 ఫైనల్‌లో జీలాంగ్ 23 బిహైండ్లలో 11 హాథార్న్ వాళ్ళు ఇలా చేతులారా ఇచ్చినవే. అప్పటి నిబంధనల ప్రకారం అది తప్పు కాదు, తెలివైన ఆటే. కానీ అది ఆట స్వభావాన్నే మార్చేస్తుందని 2009లో కొత్త నిబంధన తెచ్చారు. ఒత్తిడి లేకుండా కావాలని దాటిస్తే ప్రత్యర్థికి ఫ్రీ కిక్, అదీ గోల్ ముందు నుంచే. ఆ మార్పు సరైనదే అని నా అభిప్రాయం.

ఇక ఆదివారం మిమ్మల్ని ఇబ్బంది పెట్టే సందర్భాలు. సాకర్ చూసిన అలవాటుతో, స్తంభానికి తగిలి లోపలికి వెళితే గోలే అనుకుంటాం. ఇక్కడ కాదు. గోల్ పోస్టుకి ఏ కాస్త తగిలినా 1 పాయింటే. బిహైండ్ పోస్టుకి తగిలితే అదీ లేదు, బంతి బయటికి పోయినట్టే. గోల్ పోస్టు నెత్తిమీదుగా సరిగ్గా పైనుంచి వెళ్ళినా బిహైండే. చేత్తో కొట్టి పంపినా, డిఫెండర్ వేలికొస తగిలినా, డిఫెండర్ కాలికి తగిలి లోపలికి పోయినా బిహైండే. బంతి గీత మీద పిసరంత మిగిలి ఉన్నా ఇంకా దాటనట్టే లెక్క.

పెద్ద ఆటలో వీటిని చూడడానికి చాలామంది ఉంటారు. ఏఎఫ్ఎల్‌లో, అంటే ఈ ఆట అగ్రశ్రేణి లీగ్‌లో, 2023 నుంచి మైదానం లోపల ఆట నడిపే ఫీల్డ్ అంపైర్లు నలుగురు. హద్దు గీత వెంట ఉండే బౌండరీ అంపైర్లు నలుగురు, గోల్ అంపైర్లు చివరకొకరు చొప్పున ఇద్దరు. బంతి దాటగానే గోల్ అంపైర్ తొందరపడి చేతులెత్తడు. అంతకుముందు ఏదైనా తప్పు జరిగిందేమో చూసి ఫీల్డ్ అంపైర్ 'ఆల్ క్లియర్' అనాలి. అప్పుడు రెండు చూపుడువేళ్ళు ముందుకు చాపితే గోల్, ఒకటి చాపితే బిహైండ్. స్తంభానికి తగిలిందనుకోండి, చేత్తో స్తంభాన్ని తట్టి చూపించి తర్వాత ఒక వేలు. ఆ పైన జెండాలు. గోల్‌కి రెండు తెల్లజెండాలూ, బిహైండ్‌కి ఒకటి. మైదానం అవతలి చివర ఉన్న గోల్ అంపైర్ కూడా తన జెండాలు ఊపి బదులిస్తాడు, ఇద్దరూ తమ కార్డుల మీద రాసుకుంటారు. అంత దూరం నుంచి తెల్లజెండాకి తెల్లజెండా జవాబివ్వడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంతమంది ఉన్నా పొరపాట్లు జరిగాయి. 2009 గ్రాండ్ ఫైనల్‌లో టామ్ హాకిన్స్ తన్నిన బంతి స్తంభానికి రాసుకుని వెళ్ళింది, గోల్ ఇచ్చేశారు. సెయింట్ కిల్డా మీద జీలాంగ్ గెలిచింది 12 పాయింట్లతో. 2011 ఫైనల్‌లోనూ షారడ్ వెల్లింగమ్ కిక్ విషయంలో అదే జరిగింది. 2012 నుంచి వీడియో రివ్యూ వచ్చింది. అది వచ్చాక కూడా, 2023 ఆగస్టులో అడిలైడ్ ఓవల్‌లో బెన్ కీస్ ఆఖరి నిమిషాల్లో తన్నిన బంతి స్తంభానికి తగిలిందని గోల్ అంపైర్ గట్టిగా నమ్మాడు. రివ్యూ అడగలేదు. అది గోలేనని లీగ్ తర్వాత ఒప్పుకుంది. అడిలైడ్ ఆ మ్యాచ్ సిడ్నీ చేతిలో ఒక్క పాయింటుతో ఓడిపోయింది, ఆ ఏడాది ఫైనల్స్ దశకీ దూరమైంది. ఆ అంపైర్ గురించి జనం అన్న మాటలు చదివి నేను ఆ రాత్రి చాలా బాధపడ్డాను, ఎందుకంటే ఆ గీత దగ్గర నిలబడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మా అమ్మాయి అప్పుడు అండర్-14లో ఆడేది. నేను గోల్ అంపైర్ కోటు వేసుకోవడం అది రెండోసారి. జులై చలి, వాన వెలిసి మైదానమంతా బురద. ఆఖరి క్వార్టర్‌లో మా జట్టు పిల్ల ఒకతె తన్నిన బంతి నేలమీద గెంతుతూ గోల్‌కేసి వచ్చింది. అవతలి జట్టు అమ్మాయి ఒకతె దాని మీదికి దూకింది. బంతి దాటింది. నేను రెండు స్తంభాలకీ మధ్యన, గీతకి రెండడుగులు వెనక నిలబడి ఉన్నాను. ఫీల్డ్ అంపైర్ ఆల్ క్లియర్ అన్నాడు, నేను రెండు వేళ్ళూ చాపాను. ఆ అమ్మాయి బురదలోంచి లేచి, "గీతకి ముందే నా చెయ్యి తగిలిందండీ" అంది. అరవలేదు. మామూలుగానే చెప్పింది.

ఫీల్డ్ అంపైర్ పదహారేళ్ళ కుర్రాడు. నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "మీకు స్పష్టంగా కనిపించిందా?" అని అడిగాడు. లేదని చెప్పాను. "అయితే తక్కువ స్కోరే ఇవ్వాలి" అన్నాడు. నిబంధన అదే: అంపైర్లు మాట్లాడుకున్నాక కూడా తేలకపోతే, రెండింట్లో చిన్నది. ఒక వేలు చాపి, ఒక జెండా ఊపాను. మేం 3 పాయింట్లతో ఓడిపోయాం. కార్లో మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. రింగ్ రోడ్డు ఎక్కాక అడిగింది, "నాన్నా, నిజంగా తగిలిందా?" అని. "నాకు కనిపించలేదమ్మా, నేను నిలబడాల్సిన చోట లేను" అన్నాను.

అందుకే చెబుతున్నాను, ఈ పనిలో కళ్ళకన్నా కాళ్ళు ముఖ్యం. నేలబారుగా వచ్చే బంతికి స్తంభం పక్కకి పరుగెత్తి గీత వెంబడి చూడాలి. అప్పుడే గీతకీ బంతికీ మధ్య ఖాళీ కనిపిస్తుంది. దూరం నుంచి ఎత్తుగా వచ్చే కిక్‌కి బంతి దారికి ఎదురుగా జరగాలి. అది స్తంభం వైపు వాలుతోందనిపిస్తే ఆ స్తంభం కిందికే వెళ్ళి, తల పైకెత్తి స్తంభం వెంట చూడాలి. బంతి గాల్లో ఉండగానే ఎటు కదలాలో నిర్ణయించుకోవాలి, వచ్చాక కదిలితే ఆలస్యమే. నాకది అలవాటు కావడానికి ఒక సీజన్ పట్టింది. ప్రతి ఆదివారం మ్యాచ్‌కి ముందు పిల్లలు ప్రాక్టీసుకి తన్నే బంతులకి అటూ ఇటూ పరుగెత్తి చూసుకునేవాణ్ణి.

మీ అబ్బాయి గోల్ కొట్టినా కేరింతలు కొట్టకూడదు, పిల్లలకి సలహాలు అరవకూడదు. క్వార్టర్ మారగానే జట్లు చివరలు మార్చుకుంటాయి కాబట్టి, మీరు రెండు జట్లకీ తీర్పు చెబుతారు. ఇది కష్టంగానే ఉంటుంది, కానీ అవతలి చివర ఉన్నది ప్రత్యర్థి క్లబ్బు తల్లో తండ్రో, వాళ్ళూ అదే నిగ్రహం పాటిస్తున్నారు.

ఇంకొక్కటి. ఫీల్డ్ అంపైర్‌గా వచ్చేది చాలాసార్లు హైస్కూలు పిల్లలే. ఒకసారి మా వైపు పేరెంట్ ఒకాయన కంచె పట్టుకుని అలాంటి అబ్బాయి మీద విరుచుకుపడ్డాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరగడం నేను గీత దగ్గర నుంచి చూశాను. ఏఎఫ్ఎల్‌లో 2022 నుంచి అంపైర్ ముందు చేతులు చాపి నిరసన తెలిపినా 50 మీటర్ల పెనాల్టీ (ప్రత్యర్థి కిక్ తీసుకునే చోటుని 50 మీటర్లు గోల్ వైపు జరపడం) వేయడం మొదలుపెట్టారు, అంత కఠినం దేనికని చాలామంది విసుక్కున్నారు. ఆ అబ్బాయిని చూశాక నాకు అది కఠినమనిపించలేదు. మీరు కోటులో ఉన్నప్పుడు ఎవరైనా అలా మొదలుపెడితే, క్వార్టర్ విరామంలో వెళ్ళి ఆ పిల్లవాడి పక్కన నిలబడండి. మాట్లాడకపోయినా సరే.

ఆదివారానికి: కోటు కింద మందపాటి జాకెట్టు వేసుకోండి, మైదానంలో గాలి ఎదురుగా కొడుతుంది. పెన్ను కాదు, పెన్సిళ్ళు రెండు తీసుకెళ్ళండి, తడి కార్డు మీద పెన్ను రాయదు. గోల్ పడ్డ ప్రతిసారీ జెండాలకన్నా ముందు కార్డు రాయాలనిపిస్తుంది, వద్దు, ముందు జెండాలు, అవతలివాళ్ళ జవాబు చూశాక కార్డు. ప్రతి క్వార్టర్ చివర అవతలి అంపైర్ దగ్గరికి నడిచి వెళ్ళి రెండు కార్డులూ కలిపి చూసుకోండి. స్కోర్‌బోర్డు మీద పిల్లలు వేసే అంకెలు తప్పొచ్చు, చివరికి నిలిచేది మీ ఇద్దరి కార్డులే. మొదటి క్వార్టర్ తర్వాత ఏదైనా సందేహం వస్తే ఇక్కడే రాయండి, ఆదివారం ఉదయం నేను ఫోన్ దగ్గరే ఉంటాను.